రొయ్యకి స్ట్రెస్, మనిషికి గ్యాస్

మొన్నీమధ్య రాత్రి రెండింటికి మా బావమరిది ఫోను. గొంతు వణుకుతోంది. "బావా, రొయ్యలు స్ట్రెస్‌లో ఉన్నాయి."

నేనేమీ ఆశ్చర్యపోలేదు. భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల పుట్టినవాడెవడూ ఆశ్చర్యపోడు. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిందంటే రొయ్యకి మనసు బాగోలేదని మాకు ఒకరు చెప్పక్కర్లేదు. పావుగంటలో చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ తిరిగాయి. తెల్లారేసరికి టెక్నీషియన్ బండేసుకుని వచ్చి, సీసాలో నీళ్ళు పట్టి ల్యాబుకి పంపాడు. ఆక్సిజన్ ఎంత, అమ్మోనియా ఎంత, పీహెచ్ ఎంత అని కాగితం వచ్చింది. మినరల్స్ చల్లారు. ఆ గట్టు మీద నుంచున్నవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు రొయ్య వైపు చూసి, "నీకేం తక్కువే? అన్నీ అమర్చి పెడితే ఈ ఆలోచనలేంటి? కాస్త ధైర్యంగా ఉండు" అనలేదు.

ఆ మాట మా బావమరిది కోసం దాచిపెట్టారు.

మావాడికి ఆర్నెల్లుగా ఉన్నట్టుండి గుండె దడ. అరచేతుల్లో చెమట, ఊపిరి అందనట్టు ఉండటం, ఇప్పుడే ప్రాణం పోతుందన్న భయం. పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి, అరగంటలో దానంతటది దిగిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందోనన్న భయం మాత్రం దిగదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు పొట్ట మీద రెండుసార్లు తట్టి "గ్యాసండి" అన్నారు. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్వుకోగా మిగిలిందంతా మా జనం పొట్టల్లోకే చేరిందని మా ఆర్‌ఎంపీల గట్టి నమ్మకం. సెలైన్ ఎక్కించారు. సోడా తాగించారు. టౌనుకెళ్తే ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్. "ఏమీ లేదంట!" అని మా అత్తగారు సంతోషం పట్టలేక వాడపల్లి వెంకన్నకి కొబ్బరికాయ కొట్టొచ్చారు. ఏమీ లేనివాడు ఆ రాత్రే మళ్ళీ మంచం మీద లేచి కూర్చున్నాడు.

దిష్టి తీశారు. తాయెత్తు కట్టారు. చివరికి మందుల షాపులో కుర్రాడు, చీటీ గట్రా ఏమీ అడక్కుండానే, ఆందోళనకి వాడే ఆల్ప్రాజోలం అట్ట ఒకటి చేతిలో పెట్టాడు. అది అలవాటైపోయే మందు. అందుకు మాత్రం ఎవరికీ సిగ్గనిపించలేదు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దామన్నాను చూడండి, అప్పుడొచ్చింది ఇంటిల్లిపాదికీ సిగ్గు.

పక్క టౌన్లోనే డాక్టరున్నాడు. అక్కడికొద్దన్నారు, ఎవరైనా చూస్తే? రాజమండ్రి అనుకున్నాం. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటాం, జొన్నాడ దగ్గర గౌతమి దాటాం. రెండు పాయలు దాటితే గానీ మా పరువు ఒడ్డున పడదు. ఏసీ కారులో మావాడు తలకి తువ్వాలు చుట్టుకునే ఉన్నాడు.

బోర్డు మీద ఏమున్నా మావాళ్ళ నోట అది "నరాల డాక్టరు". హాల్లో అడుగుపెట్టగానే ఎదురుగా మా పక్క వీధి మాస్టారు. మావాడిని చూసి ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు తలకిందులుగా ఉంది. మావాడే ముందు తేరుకుని, "ఏంటి మాస్టారూ, ఇలా వచ్చారు?" అన్నాడు.

"మా తోడల్లుడికి తోడొచ్చానయ్యా. మరి నువ్వో?"

"బావకి తోడొచ్చానండి."

అలా నేను పేషెంటునయ్యాను. తోడల్లుడు గారేరీ అని చూస్తే, ఆయన మాస్టారికి తోడొచ్చానని పక్కాయనతో చెబుతున్నారు. మెల్లగా ఆరా తీస్తే హాల్లో ఉన్న పాతికమందిలో రోగి ఒక్కడూ లేడు, అందరూ తోడొచ్చినవాళ్ళే. కాంపౌండరు బయటికొచ్చి "ఏడో నంబరు!" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. "ఏడో నంబరు, పాలకొల్లు!" అన్నాడు. పాలకొల్లు వాళ్ళం నలుగురం కిటికీలోంచి బయట కొబ్బరిచెట్టుని శ్రద్ధగా చూశాం. అతగాడికిది మామూలే కాబోలు, "పోనీ ఏడో నంబరుకి తోడొచ్చినవాళ్ళు రండి" అన్నాడు. ముగ్గురు లేచారు.

ఓ మూల ఒక అమ్మాయి కూర్చుని ఉంది. చేతుల వణుకు కనపడకుండా చున్నీలో దాచుకుంటోంది. వాళ్ళమ్మ కాంపౌండరుతో గొంతు తగ్గించి, "పేరు పిలవకండి బాబూ, సంబంధం ఖాయమయ్యేలా ఉంది. అసలు పెళ్ళైతే అదే సర్దుకుంటుందంటున్నారు మావాళ్ళు" అంటోంది. ఎవరండీ ఆ మావాళ్ళు? ఆక్సిజన్ పడిపోయిన చెరువులో ఇంకో లక్ష రొయ్యపిల్లని వదిలితే అదే సర్దుకుంటుందని ఏ రైతైనా అంటాడా? అంటే గట్టు మీదే తంతారు. ఆడపిల్ల విషయంలో మాత్రం పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ ఆ మాటే అంటారు. రేపు అత్తారింట్లో ఆ పిల్లకి ఊపిరాడకపోతే నాటకాలంటారు. ఆ అరుగు మీది ఒక్కడికి, ఒక్క రాత్రి, ఆ దడ రావాలి. పాపమైతే పాపమే.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో 12 రాష్ట్రాలు తిరిగి, ఇలాంటి ఆందోళన, కుంగుబాటు ఉన్న నూటికి 85 మందికి వైద్యమే అందడం లేదని లెక్క తేల్చారు. ఆ పన్నెండింట్లో మన రాష్ట్రం లేదు. ఉంటే మనవాళ్ళు ఆ 85 మందినీ గ్యాస్ కింద రాయించేవారు.

డాక్టరు గారు ముప్పావుగంట విన్నారు. థైరాయిడ్ పరీక్ష రాశారు, అది పెరిగినా ఇలాగే దడ వస్తుందట. ఇది పానిక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం అన్నారు. మందు పట్టు దొరకడానికి కొన్ని వారాలు పడుతుందని, తగ్గింది కదాని సొంతంగా ఆపేయొద్దని, సైకాలజిస్టు దగ్గర సీబీటీ అనే మాటల వైద్యం కూడా చేయించుకోమని చెప్పారు. ఆ షాపు మాత్ర మాత్రం తన లెక్క ప్రకారం మెల్లగా తగ్గిస్తానన్నారు. మావాడు అంతా విని, "పథ్యం ఏంటండీ? వంకాయ, గోంగూర మానేయాలా?" అన్నాడు. ఏమీ మానక్కర్లేదన్నారాయన. వచ్చేదారిలో రావులపాలెం దాకా మావాడికి అదే దిగులు: "పథ్యం లేని మందు పనిచేస్తుందంటావా బావా?"

రాత్రిపూట మరీ ఇబ్బందైతే మాట్లాడటానికి 14416 అని టెలిమానస్ నంబరుంది, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టింది. 2022 నుంచీ ఉంది, పైసా ఖర్చులేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. మావాడి ఫోన్లో మేత కంపెనీల నంబర్లు పదకొండున్నాయి గానీ ఇది లేదు. ఇప్పుడుంది. "గ్యాస్ ఏజెన్సీ" అని సేవ్ చేసుకున్నాడు.

మూడు నెలలైంది. మనిషి నిద్రపోతున్నాడు, చెరువు దగ్గర జోకులేస్తున్నాడు. చూసినవాళ్ళంతా "గ్యాస్ తగ్గిందా?" అంటున్నారు. "ఆయ్, తగ్గిందండి" అంటున్నాడు. ఆ సెలైన్ బాగా పనిచేసిందని ఆర్‌ఎంపీ గారు ఊరంతా చెప్పుకుంటున్నారు.

నిన్న రాత్రి మా ఊరి పెద్దాయన ఒకాయన ఫోను చేశారు. ఆ అరుగు బ్యాచే. చాలాసేపు కొబ్బరి రేటు మాట్లాడి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏవండీ, రాజమండ్రిలో ఆ గ్యాస్ డాక్టరు గారి నంబరుందా? నాక్కాదు, మా తోడల్లుడికి."