ఒకే తగ్గింపుకి రెండుసార్లు డబ్బులట!

నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ పండగ దగ్గరపడితే చాలు, అమెరికాలో మన తెలుగు గ్రూపులన్నిట్లో ఆ మెసేజ్ మళ్లీ లేస్తుంది. షాపులో ప్రైస్ మ్యాచ్ చేయించు (అంటే ఇంకోచోట తక్కువుంటే అదే రేటుకి ఇమ్మనడం), ఆ తర్వాత క్రెడిట్ కార్డు ప్రైస్ ప్రొటెక్షన్‌లో (కొన్నాక రేటు తగ్గితే కార్డువాళ్లు తేడా ఇవ్వడం) ఇంకోసారి క్లెయిమ్ చెయ్యి, టీవీ సగం రేటుకే ఇంటికొస్తుంది అని. పంపేవాళ్లంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే, ఒక్కరూ చెక్ చేసి చావరు.

"సిటీ, డిస్కవర్, చేజ్, ఏ కార్డయినా తేడా ఇచ్చేస్తుంది." ఏ కాలంలో ఉన్నారు బాబూ? డిస్కవర్ 2018లోనే ఎత్తేసింది, చేజ్ కూడా అదే ఏడాది చాలా కార్డుల్లో పీకేసింది, సిటీవాళ్ల ప్రొటెక్షన్, దాని పేరు ప్రైస్ రివైండ్, 2019 సెప్టెంబర్‌లో పోయింది. ఎక్కడో కొన్ని కార్డుల్లో ఇంకా మిగిలుంది, మీ కార్డు బెనిఫిట్స్ గైడ్‌లో ఆ మాట లేకపోతే మీకు లేనట్టే.

"టార్గెట్ వాడు అమెజాన్ రేటుకి ఇస్తాడు." 2025 జూలైలో ఆపేశాడు.

"అమెజాన్ కూడా మ్యాచ్ చేస్తుంది." చెయ్యదు. పదండి.

ఇక నాలుగోది, నాకు ఒళ్లు మండేది ఇదే. టీవీ 900 డాలర్లకి కొన్నారు, వారంలో రేటు 800 అయితే షాపువాడు 100 వెనక్కిచ్చాడు, నెల తర్వాత ఇంకోచోట 700కి కనిపించింది అనుకోండి, అప్పుడు పాత 900 బిల్లే కార్డువాళ్లకి పంపి 200 లాగండి, షాపు ఇచ్చిన రీఫండ్ సంగతి ఎత్తకండి అంటుంది మెసేజ్. అబ్బ, ఏం తెలివి! మీ చేతి నుంచి పోయింది 800, మీకు రావాల్సింది 100. ఆ క్లెయిమ్ వెళ్లేది బ్యాంకుకి కూడా కాదు, వెనకాల ఉన్న ఇన్సూరెన్స్ కంపెనీకి, అక్కడ తెలిసి అబద్ధం చెప్తే దాన్ని ఇన్సూరెన్స్ ఫ్రాడ్ అంటారు. పైగా వాళ్లు బిల్లుతో పాటు కార్డు స్టేట్‌మెంట్ అడుగుతారు, షాపు వేసిన 100 రీఫండ్ ఆ కార్డు మీదే పడుంటుంది. అంటే మన మీద సాక్ష్యం మనమే పీడీఎఫ్ చేసి అప్‌లోడ్ చేస్తున్నామన్నమాట. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లల గ్రూపులోకి కూడా దీన్ని తోస్తున్నారే, 100 డాలర్ల కోసం వీసా స్టాంపింగ్‌లో ఫ్రాడ్ కేసు గురించి జవాబు చెప్పుకోవాల్సొస్తే ఫార్వర్డ్ చేసిన అన్నయ్య కాన్సులేట్‌కి వస్తాడా?

అయితే ఒకటి, రెండూ కలపడమే తప్పని నేననను. షాపువాడు తేడా ఇచ్చే గడువు అయిపోయాక రేటు ఇంకా పడితే ఆ మిగతా తేడా కార్డు నుంచి తీసుకోవడం పూర్తిగా న్యాయమే, సిటీ ప్రైస్ రివైండ్ ఉన్న రోజుల్లో కొన్నాక 60 రోజుల దాకా ఆ పని బాగానే జరిగేది. చివరి ఏడాది మాత్రం వస్తువుకి 200 డాలర్లు, ఏడాదికి 1000 అని గీత గీశారు.

"బ్లాక్ ఫ్రైడే రోజే బెస్ట్ బైలో మ్యాచ్ అడగండి." బ్లాక్ ఫ్రైడే అంటే థ్యాంక్స్‌గివింగ్ మర్నాడే కదా, ఆ పండగ గురువారం నుంచి సోమవారం దాకా వాళ్లు ప్రైస్ మ్యాచ్ చెయ్యరు, పాలసీలోనే రాసుంది, నాలుగింటికి లేచి క్యూలో నిలబడి కౌంటర్ పిల్లాడితో గొడవపడకండి.

కొన్నాక రేటు తగ్గితే కాస్ట్‌కో తేడా ఇస్తుందని రాసింది మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నా. వేరే షాపు రేటుకి ఇవ్వరు గానీ, మీరు కొన్న 30 రోజుల్లోపు వాళ్ల సొంత రేటు తగ్గితే తేడా ఇస్తారు. స్టోర్‌లో కొన్నదైతే మెంబర్‌షిప్ కౌంటర్‌కి వెళ్లి అడగాలి, ఆన్‌లైన్‌లో కొన్నదైతే వెబ్‌సైట్‌లోనే ఫారం ఉంటుంది.