మహారాజశ్రీ థర్మకోల్ గారికి, రావద్దని విన్నపం

మహారాజశ్రీ థర్మకోల్ షీట్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. ఎనిమిదేళ్ళ కిందట మా అక్క పెళ్ళి స్టేజీ మీద నిలబడిన మీరు ఇప్పటికీ మా అటక మీద, పాత పరుపుకీ ఖాళీ ఆవకాయ జాడీలకీ మధ్య, ఒక్క మూల కూడా నలగకుండా పడుకుని ఉన్నారు. ఈ ఎనిమిదేళ్ళలో మా తాతయ్య పోయాడు, ఇంటికి రెండుసార్లు రంగులు వేయించాం, పెళ్ళికొడుక్కి బట్టతల వచ్చింది. మీకేం కాలేదు.

నేనెవరో మీకు తెలుసు. తణుకులో మా ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా క్రాఫ్టు పని నాదే. తొమ్మిదో తరగతిలో చార్టు మీద కప్ప జీర్ణవ్యవస్థ బాగా గీశానని సైన్సు టీచరు మెచ్చుకున్నారు. ఆ ఒక్క పాపానికి ఇరవై ఏళ్ళుగా శిక్ష అనుభవిస్తున్నాను. బారసాల, అన్నప్రాసన, పంచెల ఫంక్షన్, గృహప్రవేశం, ఏదైనా సరే, ముందురోజు రాత్రి పన్నెండింటికి బ్లేడు పట్టుకుని మీ మీద పడేది నేనే. కూలి లేదు. "మా పిల్ల చేతులు బంగారం" అని అమ్మ పక్కింటివాళ్ళకు చెబుతుంది, అదే జమ.

ఇక విషయానికొస్తాను. ఈ నెలాఖరుకి మా అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్. బంధుమిత్రులందరికీ శుభలేఖలు పంచుతున్నాం. మీకు మాత్రం ఈ ఉత్తరం. తమరు సకుటుంబ సపరివార సమేతంగా, అంటే మీ గుండ్రటి పిల్ల పూసలతో సహా, ఆ రోజు మా ఇంటికి రాకుండా ఉండి మమ్మల్ని ఆనందింపజేయ ప్రార్థన.

కోపం తెచ్చుకోకండి. అసలు మీరు రాకూడదని ముందన్నది నేను కాదు, ప్రభుత్వం. 2021 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చి, 2022 జులై 1 నుంచి అలంకరణ కోసం వాడే థర్మకోల్‌ని దేశమంతా నిషేధించారు. తయారు చేయకూడదు, అమ్మకూడదు, దాచకూడదు, వాడకూడదు. మీతో పాటు బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, స్వీటు డబ్బాలకూ శుభలేఖలకూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ కాగితం, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, వంద మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ బ్యానర్లు. ఆ జాబితా చదువుతుంటే ఢిల్లీలో ఎవరో అధికారి మా అన్నయ్య జేబులోంచి ఫంక్షన్ సామాన్ల చీటీ కొట్టేసి, కింద 'నిషేధం' అని సంతకం పెట్టినట్టు అనిపించింది.

ఆ తరవాత ఏమైందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి అడిగితే షాపాయన అటూ ఇటూ చూసి, "ఎన్ని షీట్లమ్మా? అరంగుళమా, అంగుళమా?" అన్నాడు. ఇదివరకు గుమ్మం బయట ఎండలో నిలబడేవారు మీరు. ఇప్పుడు లోపలి గదిలో, ఫ్యాను కింద ఉంటున్నారు. నిషేధం వల్ల మీకు ప్రమోషన్ వచ్చింది.

అటక మీద మీతో ఉన్న ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాల సంగతి కూడా మాట్లాడుకోవాలి. 'వెడ్స్'. అక్క పెళ్ళికి నేనే కోసి, ఎర్ర వెల్వెట్ కాగితం అంటించాను. పెళ్ళయ్యాక పేర్లు పారేశారు కానీ ఆ నాలుగూ దాచారు. అప్పట్నుంచి మా వంశంలో ఏడు పెళ్ళిళ్ళకు వెళ్ళాయి. అటూ ఇటూ మనుషులు మారుతుంటారు, మధ్యలో 'వెడ్స్' స్థిరం. ఆ ఏడింటిలో ఒక జంట ఇప్పుడు కోర్టు వాయిదాలకు తిరుగుతోంది. అక్షరాలు మాత్రం ఎనిమిదో పెళ్ళికి సిద్ధంగా ఉన్నాయి.

మిమ్మల్ని కోయడం అంటే ఏమిటో చూసేవాళ్ళకు తెలీదు. బ్లేడు దిగగానే మీరు పెట్టే ఆ కీచుమనే అరుపుకి పళ్ళు జివ్వుమంటాయి. గీత కొద్దిగా వంకరపోతే సగం అక్షరం పుటుక్కున విరుగుతుంది. మీ పొట్టు నేల మీద ఉండదు. చేతికి, చీరకు, కనుబొమ్మలకు పట్టుకుంటుంది. చీపురుతో ఊడిస్తే చీపురుకే అంటుకుని, ఊడ్చిన చోటికే తిరిగొస్తుంది. పిన్ని కొడుకు బారసాలకి ఊడ్చినప్పుడు తప్పించుకున్న పూస ఒకటి మొన్న ఉగాదికి దేవుడి గూట్లో కనిపించింది.

ఆ బారసాలకే కదా మనిద్దరికీ చెడింది. తెలుగులో పెద్ద అక్షరాలు కోసి, బంగారు రంగు కావాలని పిన్ని పట్టుబడితే స్ప్రే డబ్బా తెచ్చాను. రాత్రి పదకొండున్నర. వెనక నుంచి మొదలుపెట్టి 'ల' మీద కొట్టాను, 'సా' మీద కొట్టాను. వెనక్కి తిరిగి చూసేసరికి 'ల' ఒళ్ళంతా స్ఫోటకం వచ్చినట్టు గుంటలు పడి, కుంగి, నీరసించి కూర్చుంటోంది. స్ప్రేలో ఉండే ద్రావకం మిమ్మల్ని తినేస్తుందని, మీకు నీళ్ళలో కలిసే రంగే వేయాలని ఆ రాత్రే తెలిసింది. మీలో 98 శాతం గాలేనట. మిగిలిన రెండు శాతానికా స్వామీ ఇంత బిల్డప్! పొద్దున్నకి 'బార' మాత్రం మిగిలింది. షాపులు తెరవలేదు, అదే గోడకు పెట్టాం. మా మావయ్య గుమ్మంలో ఆగి, గోడ చూసి, "మేడ మీదా?" అని అన్నయ్య చెవిలో అడిగాడు.

తలంబ్రాల విషయంలో మాత్రం మిమ్మల్ని క్షమించలేను. అవి బియ్యం. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం. దోసిట్లోంచి జారితే నెత్తిన బరువు తెలుస్తుంది, మెడ వెనక నుంచి వీపు మీదికి చల్లగా దిగుతాయి. అందులో ముత్యాలు కలపడం ఉన్నదే. ఆ ముత్యాల చోట్లో మీరెప్పుడు కూర్చున్నారు? రంగురంగుల పూసలై? ఎందుకని ఫొటోగ్రాఫర్ని అడిగాను. "మేడమ్, బియ్యం టకామని కింద పడిపోతాయి. ఇవైతే గాల్లో ఆగుతాయి, స్లో మోషన్‌కి బావుంటాయి" అన్నాడు. అదీ సంగతి. మంత్రం చదివే పంతులుగారి నోట్లోకి ఒక నీలం పూస వెళ్ళింది. ఆయన ఆగలేదు, ఉమ్మి కొనసాగించారు. బియ్యం అయితే మర్నాడు పిచ్చికలు వచ్చి ఏరుకునేవి, మిగిలింది ఆవుకి పెట్టేవాళ్ళం. మిమ్మల్ని ఏ ఆవుకి పెట్టను? కల్యాణ మండపం వాళ్ళు గొట్టంతో నీళ్ళు కొట్టారు. మీరు గులాబీ, నీలం, పసుపు తెట్టుగా మురిక్కాలవ ఎక్కి ఊరేగింపుగా వెళ్ళిపోయారు.

ఇంత మొండివాళ్ళు మీరు. అదే ఇంట్లో, అదే ఫంక్షన్‌కి వచ్చే ఫేస్ పెయింటింగ్ రంగుని చూసి కాస్త నేర్చుకోవచ్చు కదా! సాయంత్రం ఆరింటికి వస్తుంది, తొమ్మిదింటికి ముఖం కడుక్కుంటే పోతుంది. మర్యాదస్తుల రాక అలా ఉంటుంది.

అయితే అక్కడా నా చేతులు శుభ్రం కావు, చెబుతాను. అక్క కొడుకు మొదటి పుట్టినరోజుకి ఒక కుర్రాణ్ణి పిలిచాం. మంచి పనివాడు. స్పాంజితో పసుపు రంగు అద్ది, బ్రష్షుతో నాలుగు నల్ల గీతలు లాగితే పులి. రెండు బుగ్గల మీద రెండేసి రెక్కలు, ముక్కు మీద ఒళ్ళు, సీతాకోకచిలుక. పిల్లకి అయిదు నిమిషాలు. పిల్లలు ముప్పై మంది. అబ్బాయిని మాట్లాడుకున్నది రెండు గంటల సేపటికి. ఈ లెక్క మా ఇంట్లో ఎవరూ వేయలేదు, ఇద్దరు ఇంజనీర్లున్నారు.

మా మామ్మ కుర్చీ వేసుకుని పులుల్ని పరీక్షగా చూసింది. "పులేషమా ఇది? దసరాకి, పీర్ల పండక్కి వేసేవాళ్ళు, ఒళ్ళంతా చారలు. పొద్దున మొదలెడితే రంగు వేయడమే మధ్యాహ్నం దాకా. డప్పు మోగితే నిజం పులి వచ్చినట్టు మేం తలుపులేసుకునేవాళ్ళం. ఈ పులి చూడు, చిప్స్ తింటోంది." ఇంతలో పెయింటరు, పుట్టినరోజు పిల్లాడి అక్క బుగ్గ మీదున్న దిష్టి చుక్కని తడి గుడ్డతో తుడిచేశాడు, రెక్క గీయడానికి అడ్డమని. మామ్మ లేచింది. ఆముదం దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి పట్టిన సొంత కాటుక ఆవిడది. భరిణె తెచ్చి, ఆరీ ఆరని సీతాకోకచిలుక కుడి రెక్క మీద ఇంత చుక్క పెట్టి మళ్ళీ వెళ్ళి కూర్చుంది. పెయింటరు ఒక్క క్షణం ఆలోచించి, ఎడం రెక్క మీద కూడా ఒకటి పెట్టి జత కుదిర్చాడు. ఆ రోజు మొత్తానికి అంత గొప్ప పని ఇంకోటి జరగలేదు.

రెండు గంటలు అయ్యాయి, అతను బ్యాగు సర్దుకున్నాడు. ఇంకా ఆరుగురు పిల్లలు క్యూలో ఏడుస్తున్నారు. 'బంగారు చేతులు' గుర్తొచ్చాయి అందరికీ. మీకు వేయగా మిగిలిన ఆక్రిలిక్ ట్యూబులు ఉన్నాయి, వాటి మీద 'నాన్ టాక్సిక్' అని రాసుంది. మా మేనకోడలికి పిల్లి మీసాలు గీశాను. ఆరాక బిగుసుకుపోయి, కడిగితే రాక, గీకితే చర్మంతో సహా లేచొచ్చేలా ఉంది. రెండు రోజులు ఎర్రగా ఆరు గీతలు. డాక్టరుగారు నన్నే కూర్చోబెట్టి చెప్పారు: ఆ మాటకి అర్థం పొరపాటున కాస్త నోట్లోకి పోయినా ప్రమాదం లేదని, అంతేగాని చర్మానికి పూసుకోమని కాదు. ఈసారి వచ్చే పెయింటరుని ముందే అడిగాను. నీళ్ళలో కలిసే, ముఖానికని తయారైన రంగులేనా? పిల్లకో స్పాంజి మారుస్తావా, ముప్పై మందికీ ఒకటేనా? ముందురోజు వచ్చి మోచేతి లోపల చుక్క పెట్టి చూస్తావా? పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా ఇన్ని అడగరు మేడమ్ అన్నాడు పాపం.

ఇంకో ముచ్చట. మా వదిన రిటర్న్ గిఫ్టుగా ఏటికొప్పాక కుంకుమ భరిణెలు తెప్పించింది. అంకుడు కర్ర, లక్క పూత, చెట్ల నుంచి తీసిన రంగులు, 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సొంత సరుకని ప్రభుత్వ ముద్ర, వచ్చిన పనితనం. ప్లాస్టిక్ వద్దని పట్టుబట్టి మరీ తెప్పించింది. పెట్టె విప్పితే లోపల వంద భరిణెలూ మీ ఒళ్ళో పడుకుని ఉన్నాయి. వదిన ముఖం చూడాల్సింది.

నిజం ఒప్పుకోవాలంటే, తప్పు మీది కాదు. మామ్మ పూలజడ వేసేది. అరటి దబ్బని జడ పొడవున కోసి, దాని మీద మల్లెమొగ్గల్ని తొడిమలు కనపడకుండా వరస తప్పకుండా కుట్టేది, మధ్యలో కనకాంబరాలు. అది రావాలంటే ఆవిడ పక్కన రెండు వేసవులు కూర్చోవాలి. నేను కూర్చోలేదు, సెలవుల్లో కంప్యూటర్ క్లాసు ఉండేది. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, ఆ జిగురుతో పురికొసకి రంగు కాగితాలు అంటించడం నాన్నకి వచ్చు, నాకు నేర్పలేదు. మీరు ఏమీ అడగరు. బ్లేడు ఉంటే చాలు, గంటలో ఎవరైనా ఆర్టిస్టే. చేతకానివాళ్ళని ఇంతగా ఆదరించిన వస్తువు మరోటి లేదు. అందుకే మిమ్మల్ని తిట్టడానికి కూర్చుంటే సగం తిట్లు నాకే తగులుతున్నాయి.

ఈసారి ఏర్పాట్లు ఇలా. స్టేజీ వెనక అమ్మా వాళ్ళ పాత పట్టుచీరలు కుచ్చిళ్ళు పెట్టి వేలాడదీస్తున్నాం. మామ్మకి ఎనభై రెండు, చూపు తగ్గింది కానీ వేళ్ళకి గుర్తుంది, లేత కొబ్బరాకులతో చిలకలు అల్లుతోంది. నేను పక్కన కూర్చున్నాను. నా మొదటి చిలక కప్పలా వచ్చింది. జీర్ణవ్యవస్థ కూడా గీయమంటావా అంది మేనకోడలు. పిల్ల పేరు తాటాకుల మీద రాస్తున్నాం. అక్షరాలు వంకరగానే ఉన్నాయి.

కాబట్టి మీరు రావద్దు. అటక మీద వాళ్ళు అటక మీదే ఉండండి.

ఇట్లు,
భవదీయురాలు,
తణుకు క్రాఫ్టు డిపార్ట్‌మెంటు

తా.క.: ఈ ఉత్తరం మడత పెడుతుండగా బెల్లు మోగింది. ఫంక్షన్‌కి వంటలకని అన్నయ్య బుక్ చేసిన పెద్ద మిక్సీ వచ్చింది. పెట్టె విప్పితే దానికి అటొకటి, ఇటొకటి, మీరే. నిషేధించింది అలంకరణకే గాని ప్యాకింగ్‌కి కాదట, దర్జాగా ముందు గుమ్మంలోంచే వచ్చారు. మేనకోడలు ఇప్పటికే ఒక ముక్క ఒళ్ళో పెట్టుకుని, పెన్సిల్‌తో ఏదో గీస్తోంది. "అత్తా, నెమలి మెడకి ఈ వంపు సరిగ్గా సరిపోతుంది చూడు. బ్లేడెక్కడ పెట్టావు?"