ఘాటు వాసనకు పురుగులన్నీ పారిపోవు

ఈ వారంలో ఇది నాలుగోసారి. నలుగురు స్నేహితులు, ఒకటే మెసేజ్. "ఘాటైన వాసన వచ్చే మొక్కలు నాటండి, మందులు మానండి, పురుగుల టెన్షన్ మర్చిపోండి" అని మొదలై, ఆరు పాయింట్లు చెప్పి, "పదిమందికీ పంపండి" అని ముగుస్తుంది. పంపినవాళ్ల మీద నాకు కోపం లేదు. పురుగుమందుల వాడకం తగ్గాలని నేనూ కోరుకుంటాను. అలా కోరుకునేవాళ్ల చేతే ఈ మెసేజ్ తప్పు పని చేయిస్తోంది, నా బాధ అదే.

మొదటి పాయింట్, "పురుగులకు ఘాటు పడదు." ఏ పురుగుకు? ఆవ జాతి మొక్కల ఘాటు చాలా పురుగులను దూరంగా ఉంచే మాట నిజమే. కానీ క్యాబేజీ మీద బతికే డైమండ్ బ్యాక్ మాత్‌కు దారి చూపించేది కూడా ఆ ఘాటే. దానికి మూలమైన పదార్థాన్ని వేరే మొక్కల ఆకులకు పూస్తే, క్యాబేజీ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఆ ఆకులను కూడా తిన్నాయని ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త వెర్‌షాఫెల్ట్ 1910లోనే చూపించాడు. ఉల్లి ఈగ గుడ్లు పెట్టడానికి ఉల్లి ఘాటును పట్టుకునే వస్తుంది. ఇక నల్ల పేనుబంక సంగతి వినండి. బీన్స్ మొక్క వాసనలోని కొన్ని రసాయనాలను విడివిడిగా చూపిస్తే అది పక్కకు జరిగింది. వాటినే మొక్కలో ఉండే పాళ్లలో కలిపి చూపిస్తే దగ్గరకొచ్చింది. అంటే పురుగు చూసుకునేది వాసన ఘాటును కాదు, ఏది ఏ పాళ్లలో కలిసిందన్నది.

రెండోది, "తులసి ఉన్నచోటికి ఈగ రాదు." తులసి ఆకుల్లో మిథైల్ యూజినాల్ అనే రసాయనం ఉంటుంది. మామిడిని పాడుచేసే పండు ఈగల్లో మగవాటిని అది చాలా బలంగా లాగుతుంది. తోటల్లో పండు ఈగల బుట్టల్లో పెట్టే ఎర అదే. పసిఫిక్‌లోని రోటా దీవిలో 1960లలో ఈ ఎరకు పురుగుమందు కలిపి మగ ఈగలను చంపుతూ పోయి, చివరికి ఆ జాతి ఈగే అక్కడ లేకుండా చేశారు. ఎరగా పనికొచ్చేదాన్ని తరిమే మందని ప్రచారం చేస్తే ఎలా?

మూడోది, "రాత్రిపూట పురుగులకు వాసన తెలియదు." చీకట్లో ఎగిరే రెక్కల పురుగులు తమ మొక్కను వెతుక్కునేది ప్రధానంగా వాసనతోనే. దీని గురించి ఇంతకంటే మాట్లాడను.

నాలుగోది బంతి. "వరుసకొక బంతి, అన్ని పురుగులూ మాయం." బంతి వేర్లలోని ఒక పదార్థం నేలలోని నులిపురుగులను చంపుతుంది, దానికీ వాసనకూ సంబంధం లేదు. బంతి వదిలే లిమోనీన్ వాసన టమాటా మీద తెల్లదోమను తగ్గిస్తుందని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో చూపించారు. ఇది ఒప్పుకుంటాను, మంచి పని. అయితే బంతి మొదటి నుంచీ పక్కనుంటేనే ఫలితం బాగుంది, దోమ స్థిరపడ్డాక తెచ్చిపెడితే అంతగా లేదు. ఇక శనగపచ్చ పురుగు బంతిని చూసి పారిపోదు, దాని మీదకే వస్తుంది. అందుకే టమాటాలో బంతిని ఎర పంటగా వేస్తారు. ఆ బంతి మీద గుడ్లనూ పురుగులనూ ఏరేయకుండా వదిలేస్తే మన చేత్తో మనమే వాటిని పెంచినట్టు. మెసేజ్‌లో ఆ ఒక్క మాట లేదు.

ఐదోది, "ఆఫ్రికాలో వాసనతోనే పురుగులను తరిమేశారు." ఇందులో సగానికి పైగా నిజం ఉంది. కెన్యాలో మొక్కజొన్న వరుసల మధ్య డెస్మోడియం అనే మొక్క, పొలం చుట్టూ నేపియర్ గడ్డి వేస్తారు. కాండం తొలిచే పురుగును డెస్మోడియం వాసన దూరంగా తోస్తే, నేపియర్ బయటికి లాగుతుంది. పైగా డెస్మోడియం వేర్లు స్ట్రైగా అనే కలుపును అణిచేస్తాయి. ఏ పురుగుకు ఏ మొక్క అని ఏళ్ల తరబడి వెతికి పట్టుకున్న జంట అది. దొరికిన ఘాటు మొక్కనల్లా నాటి వచ్చిన ఫలితం కాదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పంటల మధ్య వేరే మొక్కలు కలిపి నాటడం చాలాసార్లు పనిచేస్తుంది. కానీ ఇంగ్లండ్‌లో ఫించ్, కాలియర్ బృందం క్యాబేజీ ఈగతో, ఉల్లి ఈగతో పరీక్షించి చూస్తే, వాసన ఉన్న మొక్కలు వాసన లేనివాటికంటే మెరుగ్గా ఏమీ లేవు. చుట్టూ పచ్చటి ఆకులుంటే చాలు, ఈగ తప్పు ఆకు మీద వాలి వెళ్లిపోతుంది.

ఇక ఆరోది. మిగతా ఐదూ క్షమించగలను, దీన్ని కాదు. "పురుగు కొరికిన ఆకు వాసన వదిలి మరిన్ని పురుగులను పిలుస్తుంది. సన్నటి కందిరీగలు మూగితే వెంటనే స్ప్రే కొట్టండి."

కొరికిన ఆకు వాసన వదులుతుంది, నిజం. బంగాళదుంప మీది కొలరాడో పెంకుపురుగులాంటివి ఆ వాసనకు వస్తాయి, అదీ నిజం. కానీ ఆ కందిరీగలు ఆకు కోసం రావు! టర్లింగ్స్, టమ్లిన్‌సన్, లూయిస్ అనే శాస్త్రవేత్తలు 1990లో మొక్కజొన్న మీద చూపించింది ఇదే. గొంగళిపురుగు కొరికిన మొక్క కొత్త వాసనలు వదులుతుంది, వాటిని పట్టుకుని ఓ చిన్న కందిరీగ వచ్చి ఆ పురుగు ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. పిల్లలు పురుగును లోపలి నుంచి తినేస్తాయి. కత్తిరించిన ఆకు అంతగా స్పందించలేదు, గాయానికి పురుగు నోటి ద్రవం తగిలితేనే స్పందన బలంగా వచ్చింది. ఆ ద్రవంలోని పదార్థాన్ని 1997లో గుర్తించి వోలిసిటిన్ అని పేరు పెట్టారు. ఎర్రనల్లి పట్టిన బీన్స్ ఆకులు కూడా ఇలాగే, నల్లిని తినే మరో నల్లిని రప్పిస్తాయి.

మొక్క పిలిస్తే వచ్చిన ఈ మిత్రపురుగుల మీద మందు కొట్టమంటున్నారు! ఆకుల మధ్య దాక్కున్న గొంగళిపురుగుల్లో కొన్ని ఆ మందును తప్పించుకుంటాయి. బయట ఎగురుతున్న కందిరీగ తప్పించుకోలేదు. తర్వాతి తరం పురుగులకు అడ్డు చెప్పేవాళ్లు ఎవరు మిగిలారు? మందులు మానండి అని మొదలుపెట్టిన మెసేజ్ చివరికి కొట్టించిన మందు ఇది.

స్ప్రేయర్ ఎత్తే ముందు నాలుగు ఆకులు తిప్పి చూడండి. కదలకుండా ఉన్న గొంగళిపురుగు పక్కన తెల్లగానో పసుపుగానో బియ్యపు గింజల్లాంటి చిన్న గూళ్లు కనిపిస్తే, అవి కందిరీగవే. వాటిని ముట్టుకోకండి.