కారు దిగని పతిదేవులు

విశాఖపట్నంలో స్త్రీల ఆసుపత్రుల ముందు, చెట్టునీడ చూసుకొని ఆపిన కార్లలో కొందరు మహానుభావులు ఏసీ వేసుకొని ఆసీనులై ఉంటారు. వారి ధర్మపత్నులు లోపల పొత్తికడుపు పట్టుకొని పిలుపు కోసం ఎదురుచూస్తుంటారు. ఆ నొప్పిని అత్తగారు ముందే ‘వేడి చేసింది’ అని తేల్చేసి, సబ్జా గింజలు నానబెట్టి తాగించి ఉంటారు.

క్లమీడియా, గనేరియా వంటి లైంగిక వ్యాధుల క్రిములు గర్భాశయ ముఖద్వారం దాటి అండవాహికల దాకా పాకినందువల్ల వచ్చిన వాపు ఇదని, దీన్నే పీఐడీ అంటారని, 14 రోజులు మందులు వాడాలని, భర్తకూ చికిత్స జరిగేదాకా దూరంగా ఉండాలని డాక్టరమ్మ ఓపిగ్గా వివరించి, “మీ వారిని ఒకసారి లోపలికి రమ్మనండమ్మా” అంటారు. వైద్యశాస్త్రం చేతులెత్తేసేది సరిగ్గా ఇక్కడే. “నాకేం నొప్పి లేదే!” అని కారులోంచి ఫోనులో జవాబు వస్తుంది. క్లమీడియా సోకిన మగవారిలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదన్న సంగతి వారి గౌరవానికి సంబంధించినది కాదు. బండి తీస్తే మళ్లీ నీడ దొరకదంటారు, ఆఫీసు కాల్ నడుస్తోందంటారు. ఆయా వచ్చి అద్దం మీద తడితే, దాన్ని నాలుగు వేళ్ల మేర దించి “బిల్లెంత?” అని అడుగుతారు. ఆ సందులోంచి నోట్లు వస్తాయి, మనిషి రాడు.

ప్రభుత్వ సురక్షా క్లినిక్కులలో ఈ జబ్బుకు ఆమెకు పసుపు రంగు కిట్టు, భాగస్వామికి బూడిద రంగు కిట్టు ఉచితంగానే ఇస్తారు. ఆమెది రెండు వారాల కోర్సు, ఆయనది ఒక్క పూట మోతాదు. ఆ ఒక్క పూటా మింగలేని వీరుడి కిట్టు డ్యాష్‌బోర్డు అరలో ఎండిపోతుంది, ఆమెకు జబ్బు మళ్లీ అంటుకుంటుంది.

అలా అంటుకున్న ప్రతిసారీ అండవాహికలు మచ్చలు కట్టి మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. గర్భం రాకపోవచ్చు, వచ్చినా ట్యూబులోనే నిలిచి, అది పగిలితే ప్రాణమే పోవచ్చు. అప్పుడు కుటుంబమంతా సింహాచలం వెళ్లి, సంతానం కోసం కోడలిచేత కప్పస్తంభాన్ని కౌగిలింపజేస్తుంది. గొడ్రాలన్న మాటా ఆమెకే, ఉపవాసాలూ ఆమెకే. సిగ్గుండాలి! ఆమె కడుపులో చీము పడుతుంటే మీరు కారులో కూర్చొని పరువు కాపాడుకుంటున్నారా? ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న పంచాయతీ తర్వాత పెట్టుకోండి, ముందు ఆ మాత్రలు మింగండి. కొండ మీద క్యూలో గంటలకొద్దీ నిలబడగలిగిన కాళ్లకు డాక్టరమ్మ గది ఎంత దూరం? అక్కడ చెప్పులు కూడా విప్పనక్కర్లేదు.