పాస్‌పోర్టు ఏడున్నది?

హనుమకొండ చౌరస్తా దగ్గర ఓ టూర్ల ఆఫీసు. దసరా సెలవులకు 32 మందిని దుబాయి తీసుకుపోయే ప్యాకేజీ కాగితం గోడకు అంటించి ఉంది. యజమాని ఒకప్పుడు అక్కడి హోటల్లోనే గదులు తుడిచి వచ్చినవాడు. ఆయన అన్న కూతురు లా చదివి ఇప్పుడు ఆఫీసు లెక్కలు చూస్తోంది. గొడవంతా ఆమె తయారుచేసిన రెండు పేజీల ఫారం మీద. ఏ దేశానికి టూరు వేసినా ముందు అక్కడి మనుషుల హక్కులకు ఎంత ముప్పుందో రాసుకోవాలట. నేను టికెట్ కోసం పోయి గంటసేపు ఇరుక్కుపోయాను.

చిన్నాయిన: దేశాన్ని తరాజుల ఏస్తవా బిడ్డా? మనది ఇద్దరు పనోళ్ల దుకాణం. గివన్నీ పెద్ద కంపెనీల పనులు.

బిడ్డ: యాపారం చేసేటోళ్లు మనుషుల హక్కులను ఎట్ల కాపాడాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011ల ఒప్పుకున్న సూత్రాలు 31 ఉన్నయి చిన్నాయినా. చిన్న కంపెనీకి మినహాయింపు లేదు. తాహతును బట్టి చెయ్యమన్నరు. అందుకే రెండు పేజీలే.

చిన్నాయిన: దేశం మొత్తానికి ఒక్క మార్కు ఏస్తే ఏమొస్తది? ఒక్క గల్లీలనే ఒక హోటల్ మంచిగుంటది, పక్కది నరకం. నా పాస్‌పోర్టు రెండేండ్లు మేనేజరు బీరువాల ఉండె. మీ నాయినమ్మ పోయినప్పుడు అడిగితే ఇయ్యాల రేపని తిప్పిండు. దినాలు అయిపోయినంక ఇల్లు చేరిన. గిది దేశాన్ని చూస్తే తెలుస్తదా? హోటల్ల అడగాలె.

బిడ్డ: ఎవర్ని?

చిన్నాయిన: పనిచేసేటోళ్లను.

బిడ్డ: వాళ్లు చెప్తరా? అక్కడ యూనియన్ పెట్టుకోనీకి చట్టం ఒప్పుకోదు. వీసా యజమానితోని ముడిపడి ఉంటది. నోరు తెరిస్తే పని పోతది, దాంతోపాటు ఆ దేశంల ఉండే హక్కు పోతది. గది హోటల్ సంగతి కాదు, దేశం సంగతి. అది తెల్వకుంట పోతే, "మాకేం ఇబ్బంది లేదు సార్" అన్న మాటను నిజమని రాసుకొని వస్తం.

ఇక్కడే వాదం అయిపోయిందని నేననుకున్నా. ఆయన ఫ్యాను పెంచి, కుర్చీ మార్చి మళ్లీ కూర్చున్నాడు.

చిన్నాయిన: 2022 ఫిబ్రవరి నుంచి పాస్‌పోర్టులు గుంజుకోవద్దని కొత్త కార్మిక చట్టమున్నది. నీ ఫారంల టిక్కు పడ్తది. ఇగ దేశం మంచిదైపాయె!

బిడ్డ: అందుకే గడులు రెండు పెట్టిన. చట్టం ఏమంటది, జరిగేది ఏంది. ఇగ ముప్పులల్ల ఏది ముందు చూడాలంటవా, దెబ్బ ఎంత పెద్దది, ఎంతమందికి, మళ్ల సరిచేయొచ్చా అని మూడు అడుగుతరు. నాయినమ్మ దినాలు మళ్ల రావు. గది అన్నిటికన్న పైన పడ్తది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చాయ్ గ్లాసు తిప్పుతూ కాసేపు మాట్లాడలేదు.

చిన్నాయిన: బర్మాల 2015ల టూరిజం రంగం మొత్తాన్ని గిట్లనే చూసి పెద్ద రిపోర్టు ఏసిన్రని నువ్వే చెప్తివి. 2021ల మిలిటరీ వచ్చి కూసున్నది. ఏం ఆపింది ఆ రిపోర్టు?

బిడ్డ: మిలిటరీని ఆపనీకి రాయలే. హోటల్ జోన్లకు భూములు ఎట్ల తీసుకుంటున్నరో అందుల ఉన్నది. హోటల్ కట్టేటోడు "నాకు తెల్వదు" అననీకి లేకుంట చేసింది.

చిన్నాయిన: మరి తెల్లోడు రామప్ప గుడి చూడనీకి వచ్చేముందు మన దేశం మీద ఫారం నింపితే నీకు ముద్దుగుంటదా?

బిడ్డ: నింపనియ్. హోటళ్లల్ల, దాబాల్ల పిల్లల్ని పెట్టుకోవద్దని 2006 సందే నిషేధమున్నది. మన బస్సు ఆపిన కాడ చాయ్ తెచ్చిన పిలగాని వయసు ఎన్నడన్న అడిగినమా? తాడ్వాయి దిక్కు రిసార్టు అంటున్నరు మీ దోస్తులు. అది ఏజెన్సీ, గిరిజనుల ఏరియా. ఒకటి బై డెబ్బై భూమి చట్టం ఉన్నది, అక్కడ గిరిజనేతరులు భూమి కొనరాదు. భూమి కోయాయన పేరు మీద, పైసలు మీయి. గ్రామసభను అడిగిన్రా?

చిన్నాయిన: గది ఇంక మాటలల్లనే ఉన్నది.

(మాటల్లో ఉన్నప్పుడే కదా అడగాల్సింది. నేను పైకి అనలేదు.)

చిన్నాయిన: సరే, అందరం ఆ దేశం చెడ్డదని పోవుడు బంద్ జేస్తే జగిత్యాల, సిరిసిల్ల పోరలు ఏం తింటరు? ఆ గదులు తుడిచేది వాళ్లే.

బిడ్డ: పోవద్దని నేనన్ననా? 16 గదులు తీసుకుంటున్నం. పైసలు కట్టేముందు అడుగుదాం.

చిన్నాయిన: 16 గదులకు వాడు మనకు భయపడ్తడా?

బిడ్డ: పడడు. వరంగల్, కరీంనగర్ ఆఫీసులు నాలుగైదు కలిసి అడిగితే ఇంటడేమో.

దానికి ఆయన నవ్వాడు. తర్వాత ఫోన్ తీశాడు. ఈసారి బుక్ చేయబోయే హోటల్లో పనిచేసే జగిత్యాల పిలగాడు ఒకడున్నాడట. స్పీకర్ పెట్టి, ఇంటి ముచ్చట్లు రెండు మాట్లాడి, మెల్లగా అడిగాడు.

"పాస్‌పోర్టు ఏడున్నది రా?"

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు.

"ఆఫీసుల భద్రంగున్నది కాకా."

ఆయన ఫోన్ పెట్టేశాడు. "నేను గూడ ఇంటికి గిదే చెప్తుంటి" అన్నాడు.

బిడ్డ పెన్ను తీసింది.

"రాయి. వాని పేరు మాత్రం రాయకు."