సవరణ: కన్నీళ్లు ముక్కులోకి వచ్చే దారి

ముక్కు నిర్మాణం గురించి రాస్తూ, ఏడిస్తే ముక్కు కారేది కన్నీళ్లు, ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులైన సైనస్‌ల గుండా రావడం వల్లే అన్నాను. అది తప్పు. కంటి లోపలి మూల నుంచి ముక్కులోకి విడిగా ఒక సన్నని నాళం ఉంది. ముక్కు లోపల పక్కగోడ మీద చుట్ట తిరిగినట్టుండే మూడు ఎముకల్లో అన్నిటికన్నా కింది దాని అడుగున అది తెరుచుకుంటుంది. సైనస్‌లకు దానితో పని లేదు.

చెంప వెనక ఉండే సైనస్ ద్వారం మధ్య ఎముక కింద ఉంటుంది. పైగా అది ఆ గదికి అడుగున కాదు, పైభాగంలో ఉంది (డ్రైనేజీ పెట్టాల్సిన చోటేనా అది!). అందుకే మనం నిటారుగా ఉన్నప్పుడు అందులోని చీమిడి తనంతట తాను జారిపోదు, కంటికి కనిపించనంత సన్నని కేశాలు దాన్ని పైకి నెట్టాలి. ఈ రెండు ద్వారాలనూ నేనే కలిపేశాను. పాత వాక్యం తీసేశాను.