మణికట్టు గుమాస్తా

రాత్రి 11 గంటల 47 నిమిషాలు. ఇల్లంతా పడుకుంది. మంచానికీ బీరువాకీ నడుమ ఉన్న సందులో ఒక పెద్దమనిషి అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తున్నాడు. నిద్రలో నడిచే జబ్బు కాదు, అప్పులవాళ్ళ బెంగా కాదు. మణికట్టు మీది అడుగుల లెక్క పట్టీ 9,212 చూపిస్తోంది. పన్నెండు కొట్టేలోగా అది 10,000 చూపించాలి. పన్నెండు దాటిందా, సున్నా. పొద్దున్నుంచీ వేసిన తొమ్మిదివేల చిల్లర అడుగులూ బూడిదలో పోసిన పన్నీరే.

నవ్వకండి. చిట్టా మూసేదాకా కునుకు తియ్యని నిక్కచ్చి మనిషి ఆయన.

ఇంతకీ ఈ పదివేలు ఏ వైద్యుడు రాసిన చీటీ? ఏ వైద్యుడూ రాయలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ వేడి చల్లారకముందే, 1965లో, జపాన్‌లో యమసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. పేరు మాన్పోకేయ్, అంటే పదివేల అడుగుల మీటరు. అంకె గుండ్రంగా ఉంది, నోట్లో బాగా తిరుగుతుంది. సరుకు పేరు కాస్తా కాలక్రమేణా శాస్త్రమైపోయింది. ఆ పూట ఆ కంపెనీవాళ్ళకి ఎనిమిదివేలు అందంగా కనబడి ఉంటే మన పెద్దమనిషి పదింటికే గుర్రు పెట్టేవాడు.

అంకె మీద నిజంగా పరిశోధన జరిగింది చాలా ఆలస్యంగా. 2019లో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది స్త్రీల అడుగులు లెక్కపెట్టి, నాలుగేళ్ళకు పైగా వాళ్ళ బాగోగులు చూసింది. రోజుకి సుమారు 2,700 అడుగులు వేసినవాళ్ళతో పోలిస్తే 4,400 వేసినవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. లాభం 7,500 దగ్గర ఆగిపోయింది. ఇది పరిశీలన మాత్రమే, నడకే కారణమని రుజువు చెయ్యదు. పైగా వాళ్ళు పెద్దవయసువాళ్ళు, పడుచువాళ్ళ లెక్క కొంచెం మారొచ్చు. అయినా గమనించాల్సింది ఒకటుంది. అసలు లాభమంతా కుర్చీకి అతుక్కుపోయినవాడు కాస్త లేచిన చోటే ఉంది, 9,212కీ 10,000కీ నడుమ లేదు. ఆ సందులో ఉన్నది మంచం, బీరువా, ఒక మనిషి.

11:51. పెద్దమనిషి ఒక గొప్ప సంగతి కనిపెట్టాడు. బీరువా దగ్గర వెనక్కి తిరిగినప్పుడల్లా పట్టీ ఒకటి రెండు అడుగులు మింగేస్తోంది. దగా! చెయ్యి గట్టిగా ఊపితే మాత్రం ఠంచనుగా రాసుకుంటోంది. మరింత గట్టిగా ఊపితే మరింత ఠంచనుగా. కాళ్ళు ఆగాయి, చెయ్యి ఊగుతూనే ఉంది, అంకె కదులుతూనే ఉంది. ఆయన నెమ్మదిగా మంచం అంచున కూర్చున్నాడు. కూర్చుని, విసనకర్ర పోగొట్టుకున్నవాడిలా గాల్లో చెయ్యి విసురుకోసాగాడు.

పక్కన పడుకున్నావిడ కళ్ళు తెరవకుండానే అడిగింది. “ఇంకెన్నండీ?”

“మూడొందల అరవై.”

“దుప్పటి లాగకుండా కానివ్వండి.”

ఇందులో ఆయన తప్పేం లేదు. ఆ మణికట్టు గుమాస్తాకి కాళ్ళు కనపడవు. వాడి దగ్గరున్నది కదలికను పసిగట్టే చిన్న చిప్పు ఒక్కటే. చెయ్యి ఒక లయలో ఊగితే అడుగు అని రాసుకుంటాడు. అందుకే చప్పట్లు కొట్టినా, పళ్ళు తోముకున్నా అప్పుడప్పుడూ నాలుగు అడుగులు జమ పడతాయి. చంటిపిల్లల బండి తోసుకుంటూ కిలోమీటరు నడవండి, సగం రాయడు. రెండు చేతుల్లో రెండు నిండు బకెట్లు పట్టుకుని మెట్లెక్కండి, ఊపిరి ఎగిసిపడుతుంది, తొడలు భగ్గుమంటాయి, గుమాస్తా మాత్రం కలం మూసి కూర్చుంటాడు. ఒంటికి అన్నిటికన్నా పనికొచ్చే పని ఏదో సరిగ్గా అదే పద్దుకెక్కదు. ఇక వాడు చూపించే కేలరీల సంగతి సరేసరి. 2017లో స్టాన్‌ఫర్డ్‌వాళ్ళు ఏడు పట్టీలను పరీక్షించారు. కేలరీల లెక్కలో అన్నిట్లోకీ బుద్ధిమంతురాలైన పట్టీయే సగటున 27 శాతం తప్పింది, అధమురాలు 93 శాతం. ఇలాంటి గుమాస్తాని ఏ కొట్లోనైనా ఒక్కరోజు ఉంచుకుంటారా?

సరే, పెద్దమనిషి ఆ రాత్రి ఎనిమిదిన్నరకి భోంచేశాడు. తినగానే సోఫాలో ఒరిగాడు. పదకొండున్నర దాకా లేవలేదు. అసలు కొంప మునిగింది ఆ సోఫాలో. పిండిపదార్థాలున్న భోజనం తిన్నాక రక్తంలో గ్లూకోజు గంట, గంటన్నరకల్లా శిఖరానికి చేరుతుంది. ఆ గ్లూకోజుకి పెద్ద గిరాకీదారు కండరం. మామూలుగా అయితే ఇన్సులిన్ వచ్చి తట్టాలి, అప్పుడు కండరకణం లోపలున్న గ్లట్-4 అనే రవాణా ప్రోటీన్లు పైపొరకి వచ్చి గ్లూకోజుని లోపలికి లాగుతాయి. ముడుచుకుంటూ సాగుతూ పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడదు, ఆ ప్రోటీన్లను తనే పైకి పిలుస్తుంది. ఇన్సులిన్ మాట సరిగ్గా వినని ఒంట్లో కూడా ఈ దొడ్డిదారి తెరిచే ఉంటుంది. కాబట్టి చెయ్యి కడుక్కున్నాక పది పదిహేను నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో నడిస్తే, అవే పన్నెండు వందల అడుగులు శిఖరాన్ని దించుతాయి. 11:47కి వేస్తే వరద పోయాక కట్టిన గట్టు. పద్దులో మాత్రం రెండూ ఒకటే: 1,200.

పైగా ఈ గట్టు కట్టడానికి నిద్ర ఖర్చవుతోంది. వరసగా కొన్ని రాత్రులు నిద్ర కోత పడితే చాలు, ఇన్సులిన్‌కి ఒంటి స్పందన తగ్గుతుంది. షుగరు తగ్గించుకోవడానికి షుగరు పెంచే పని చెయ్యడం పెద్దమనిషి ఒక్కడికే చెల్లింది. అదేం ఖర్మో, నిద్రకి పట్టీలో పతకం కూడా ఉంది. అది పొద్దున్నే వచ్చి “నిన్న తక్కువ పడుకున్నారు” అని మందలిస్తుంది.

పదివేలు దాటిన ఘడియకి బహుమానం ఒకటి ఉండాలి కదా. గ్లాసుడు పళ్ళరసం. సహజమైనది, ఏమీ కలపనిది! పావు లీటరు పళ్ళరసంలో ఉజ్జాయింపుగా 20 నుంచి 25 గ్రాముల చక్కెర ఉంటుంది, పీచు పిప్పితో పాటు పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పళ్ళరసంలోని చక్కెరని పళ్ళలోని చక్కెరతో కలపలేదు, చెంచాతో వేసుకునే చక్కెరతో కలిపింది. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలంది. రెండువేల అడుగుల కేలరీలు ఒక్క గుక్కలో మాఫీ. పండు కొరికి తిను నాయనా అంటే, నమలడానికి టైము లేదట. గాల్లో చెయ్యి ఊపడానికి మాత్రం బోలెడుంది.

కంచం సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. సగం కూరగాయలు, పావు ప్రోటీను, పావు పిండి. ముందు కూరగాయలూ ప్రోటీనూ తిని పిండిని చివర్లో తింటే అదే భోజనానికి షుగరు ఎగుడు తగ్గుతుంది. దీనికి బ్లూటూత్ అక్కర్లేదు కాబట్టి ఎవరూ అమ్మరు.

గుమాస్తా ఖాతాలో లేనిది ఇంకొకటుంది: కండబలం. పెద్దవాళ్ళ కండరాలన్నీ కలిపి సుమారు 400 గ్రాముల గ్లైకోజన్, అంటే నిల్వ చేసిన గ్లూకోజు, దాచుకోగలవు, కాలేయంలో పట్టేది 100 దాకా. గోదాము ఎంత ఉంటే అంత సరుకు పడుతుంది, రోజూ కొంత ఖాళీ చేస్తేనే కొత్తది దిగుతుంది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది, వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అనే మాట పక్కనే. నిమిషాల మాట అందరికీ కంఠస్థం, కండరాల మాట ఎవరి కంటికీ ఆనదు. జిమ్ములూ ఇనుములూ వద్దు. జారకుండా గోడకి ఆనించిన కుర్చీ ఒకటి చాలు. చేతులు రొమ్ముకి కట్టుకుని లేవాలి, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి, పది సార్లు, కాస్త ఆగి మళ్ళీ పది, మళ్ళీ పది. చెడేదెక్కడంటే, ధబ్బున కూలబడితే దిగేటప్పుడు కండరం చెయ్యాల్సిన సగం పని కుర్చీ చేసేస్తుంది. మోకాళ్ళు రెండూ ఒకదానివైపు ఒకటి వాలితే కీళ్ళ మీద భారం పడుతుంది. ఊపిరి బిగబడితే రక్తపోటు చివాల్న లేస్తుంది, కాబట్టి లేచేటప్పుడు వదలాలి. ముప్పై సార్లు లేచి కూర్చున్నా గుమాస్తా రాసేది సున్నా. చేతులు రొమ్ముకి కట్టుకున్నారు కదా.

ఇక ఆఫీసుల్లో అడుగుల పోటీలు. ఎవరు ఎక్కువ నడిస్తే వాళ్ళకి పతకం, గోడ మీద “మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే” అని పోస్టరు. ఆ పోస్టరు కింద మనిషి పది గంటలు కూర్చోవాలి. అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు తిరిగితే భోజనం తర్వాతి షుగరు తగ్గుతుందని అందరికీ తెలుసు. లేచి చూడమనండి, ఎక్కడికని అడగని పైవాడు ఎవడైనా ఉన్నాడా? 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడి బృందం లండన్ రెండంతస్తుల బస్సుల్లో లెక్క తీసింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ. ఏ కండక్టరూ పోటీలో పేరివ్వలేదు. బస్సుకి మెట్లున్నాయి, ఎక్కాడు.

అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాలు 2002లో వచ్చాయి. మధుమేహం అంచున ఉన్న 3,234 మందిలో, బరువులో 7 శాతం తగ్గించుకుని వారానికి 150 నిమిషాలు కదలాలని లక్ష్యం పెట్టుకున్న వర్గంలో, ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్ళతో పోలిస్తే, కొత్తగా మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రలు ఇచ్చిన వర్గంలో 31 శాతం. ఈ 58ని ప్రతి సంక్షేమ ఉపన్యాసంలోనూ వల్లిస్తారు. ఆ 58 ఎలా వచ్చిందో ఒక్కడూ చెప్పడు. ఒక్కొక్కరికీ ఒక మనిషిని కేటాయించారు. మొదటి 24 వారాల్లో ఎదురుగా కూర్చోబెట్టి 16 పాఠాలు చెప్పారు, ఎక్కడ తప్పిందో అడిగారు, తప్పితే మళ్ళీ పిలిచారు. అంత చేసినా ఆ 24 వారాలు ముగిసేసరికి 7 శాతం తగ్గినవాళ్ళు సగం మందే. మన ఆఫీసు దొరలు ఆ మనిషిని తీసేశారు, ఆ 16 పాఠాలు తీసేశారు, అడిగే గొంతు తీసేశారు, మణికట్టుకో పట్టీ కట్టి చేతులు దులుపుకున్నారు. అయ్యా దొరలూ, రాత్రి షిఫ్టులు వేసి నిద్ర లాక్కున్నదీ మీరే, భోజనానికి పదిహేను నిమిషాలిచ్చి మింగి రమ్మన్నదీ మీరే, షుగరొస్తే “జీవనశైలి” అని వేలు చూపించేదీ మీరే. ఎవరి జీవనశైలి? ఆ మనిషి రోజులో ఏ గంట ఆ మనిషిది?

11:58. పెద్దమనిషికి ఇంకా నలభై కావాలి. నుదుటి మీద చెమట, గుండె దడ. కష్టపడ్డాడు కదా అనుకుంటాం. ఆయన ఇన్సులినో, షుగరుని మరీ కిందికి దించగల సల్ఫొనైల్ యూరియా రకం మాత్రలో వాడుతూ, అడుగుల మీద అలిగి భోజనంలో సగం మానేసి ఉంటే మాత్రం ఆ చెమట శ్రమది కాకపోవచ్చు, షుగరు పడిపోయినందుకు కావచ్చు. వేలు గుచ్చి చూడాలి. డెసిలీటరుకి 70 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే నడక ఆపి కూర్చోవాలి, 15 గ్రాముల చక్కెర తీసుకోవాలి. ఇందాక తిట్టిపోసిన పళ్ళరసమే ముప్పావు గ్లాసు ఇప్పుడు మందు. పదిహేను నిమిషాలాగి మళ్ళీ గుచ్చి చూడాలి, ఎక్కకపోతే ఇంకో 15 గ్రాములు. షుగరు పడిపోయినప్పుడు చేతులు వణుకుతాయి. మంచం అంచున ఆయన చెయ్యి ఇప్పుడు వణుకుతోందో ఊగుతోందో చీకట్లో తెలియడం లేదు. గుమాస్తా మాత్రం రాసుకుంటూనే ఉన్నాడు: 9,961, 9,962, 9,963.